పిన్న వయస్సు - పెద్ద బాధ్యత

నాయకత్వమును గూర్చి లోకమున రెండు మాటలు తరచుగా వినబడుచుండును. "కుఱ్ఱవారికి ఏమి తెలియును? ఇంకను నాలుగు ఎండలు, నాలుగు వానలు చూడవలసినవారు" అని పెద్దలందురు. "మాకు ఎవరును చోటీయరు, చోటిచ్చినచో మేమును చేసి చూపుదుము" అని యువకులందురు. ఈ రెండు మాటలలోను కొంత నిజము కలదు. కొంత లోపమును కలదు. పనిలో దిగనిదే అనుభవము రాదు. అనుభవము లేదను నెపమున పనిలో దిగనీయకున్నచో అది ఎన్నటికిని రాదు. నీటిలో దిగక ఈత నేర్చినవాడు లోకమున లేడు. అట్లని లోతు తెలియక దూకుటయు వివేకము కాదు. దిగువానికి ధైర్యముండవలెను, గట్టున నిలిచినవానికి చేయి అందించు మనస్సుండవలెను. ఈ సత్యమునకు గోదావరి తీరమున పుట్టిన ఒక బాలిక చరిత్రము చక్కని దృష్టాంతము. ఆ బాలికయే దుర్గాబాయి.

దుర్గాబాయి 1909వ సంవత్సరము జూలై 15వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించెను. తండ్రి రామారావు, తల్లి కృష్ణవేణమ్మ. ఆమె బాల్యము కాకినాడలో గడచెను. ఆ దినములలో ఆడపిల్లలకు చదువు అరుదు; బాల్యవివాహము సామాన్యము. దుర్గాబాయికిని ఎనిమిదవ ఏటనే వివాహము జరిగెను. పెండ్లి యననేమో తెలియని వయస్సున జరిగిన ఆ ముడి తనకు సమ్మతము కాదని, పదునైదవ ఏట ఊహ తెలిసిన పిమ్మట ఆమె నిర్భయముగా చెప్పెను. తండ్రియు, సోదరుడును ఆమె పక్షమున నిలిచిరి. తన బ్రతుకును గూర్చి తాను ఆలోచించుకొనుట ఆ బాలిక నేర్చిన మొదటి స్వాతంత్ర్యము.

చదువు విషయమునను ఆమెకు స్వంత అభిప్రాయముండెను. బోధన ఆంగ్లభాషలో సాగుటను నిరసించి ఆమె పండ్రెండేండ్ల ప్రాయమున పాఠశాలను విడిచెను. విడిచినది బడిని మాత్రమే, చదువును కాదు. దేశమునందలి భిన్న ప్రాంతముల ప్రజలు ఒకరితో నొకరు మాటాడుకొనుటకు హిందీ ఉపకరించునని నాటి జాతీయ నాయకులు చెప్పుచుండిరి. దుర్గాబాయి ఆ భాషను శ్రద్ధతో అభ్యసించెను. తాను నేర్చినదానిని తనయొద్దనే దాచుకొనక, బాలికలకును స్త్రీలకును హిందీ నేర్పుటకై ఒక పాఠశాలను నెలకొల్పెను. నేర్చుకొనవలసిన వయస్సుననే నేర్పుటకును పూనుకొనుట ఆమె స్వభావము.

1921వ సంవత్సరమున గాంధీ మహాత్ముడు కాకినాడకు వచ్చుచున్నాడని తెలిసెను. అప్పటికి దుర్గాబాయికి పండ్రెండేండ్లు నిండలేదు. ఊరెల్ల సభకు సిద్ధమగుచుండెను. కాని ఆ సభకు రాజాలని స్త్రీలను గూర్చి ఎవరును తలంపలేదు. ఒకవంక దేవదాసీ కుటుంబములలో పుట్టి, సంఘము చేసిన కట్టుబాటుచేత అవమానముననుభవించుచున్న స్త్రీలుండిరి. మరియొకవంక ఘోషాయందుండు ముస్లిం స్త్రీలుండిరి. మహాత్ముని మాట వినవలసిన అవసరము అందరికంటె వీరికే ఎక్కువగా కలదని ఆ బాలికకు తోచెను.

ఆమె నిర్వాహకులయొద్దకు పోయి, ఈ స్త్రీలకై ప్రత్యేకముగా కొన్ని నిమిషములు కేటాయింపుడని కోరెను. మహాత్మునికి తీరిక లేదనియు, 5,000 రూపాయల విరాళము సమకూర్చినచో చూతమనియు వారు బదులు చెప్పిరి. ఆ దినములలో 5,000 రూపాయలనగా సామాన్య కుటుంబము కన్నెత్తి చూడరాని ధనము. బాలిక వెనుదిరిగి పోవునని వారనుకొనియుండవచ్చును. ఆమె తిన్నగా ఆ స్త్రీలయొద్దకే పోయి సంగతి చెప్పెను. సొమ్ము సమకూర్చుటకు వారే ముందుకు వచ్చిరి. సభకు స్థలము కావలసివచ్చెను. ఒక పాఠశాల ప్రధానోపాధ్యాయుడు తన పాఠశాల ఆవరణమును వాడుకొనుటకు అనుమతించెను.

మహాత్ముడు వచ్చెను. కొద్ది నిమిషములకై వచ్చినవాడు అరగంటకు మించి నిలిచి మాటాడెను. ఆయన హిందీలో చెప్పిన మాటలను దుర్గాబాయి తెలుగున చెప్పెను. వినుచున్న స్త్రీలు తమ చేతుల గాజులను, మెడలోని గొలుసులను ఒలిచి దేశనిధికి సమర్పించిరి. ఆ నగలును ధనమును కలిసి 25,000 రూపాయల వరకు వచ్చినట్లు ఆమె తన స్వీయచరిత్రలో వ్రాసికొనినది. అటుపిమ్మట జరిగిన పెద్దల సభలో అనువాదము చేయుటకు ఒక ప్రముఖ నాయకుడు సిద్ధముగా నుండెను. మహాత్ముడు ఆయనను వారించి, ఉదయము చక్కగా అనువదించిన ఆ బాలికచేతనే తన ఉపన్యాసమును అనువదింపజేసెను.

ఈ కథయందు గమనింపదగిన విషయములు రెండు కలవు. మొదటిది బాలిక చేసిన పని. ఆమె వేదిక నెక్కవలెనని కోరలేదు. వేదికకు దూరమైనవారిని వేదికయొద్దకు తేవలెనని కోరినది. పని అట్లు తెచ్చిన పిదప వేదిక దానంతట అదియే ఆమెకు లభించినది. రెండవది పెద్దలు చేసిన పని. ప్రధానోపాధ్యాయుడు స్థలమీయక పోయినచో ఆ సభ జరుగదు. అనువాదమునకు నిలిచిన నాయకుడు తన స్థానమును బాలికకు విడువక పోయినచో వేలమంది ఎదుట ఆమె కంఠము వినబడదు. పిన్నలు ముందుకు వచ్చుటకు పెద్దలు ఒక్క అడుగు ప్రక్కకు జరుగుటయు అవసరము.

రెండేండ్లు గడచెను. 1923వ సంవత్సరమున అఖిల భారత కాంగ్రెసు మహాసభ కాకినాడలోనే జరిగెను. మౌలానా మహమ్మదాలీ దానికధ్యక్షుడు. పదునాలుగేండ్ల దుర్గాబాయి స్వచ్ఛంద సేవికగా చేరెను. ఖద్దరు ప్రదర్శనశాల ద్వారమునొద్ద నిలిచి, టిక్కెట్టు లేనివారిని లోనికి పోనీయకుండుట ఆమెకు ఒప్పగించిన పని. జవహర్లాల్ నెహ్రూ ఆ ప్రదర్శనమును చూడవచ్చెను. ఆయనయొద్ద టిక్కెట్టు లేదు. దుర్గాబాయి ఆయనను ద్వారముననే ఆపెను. ఇది చూచి నిర్వాహకులు కలవరపడి ఆమెను మందలించిరి. తనకు చెప్పిన నియమమునే తాను పాటించితినని ఆమె నెమ్మదిగా సమాధానమిచ్చెను. చివరకు టిక్కెట్టు తెప్పించిన పిదపనే ఆమె ఆయనను లోనికి విడిచెను. నెహ్రూ కోపింపలేదు, కర్తవ్యమును ధైర్యముతో నిర్వహించినందుకు ఆ బాలికను మెచ్చుకొనెను.

ఇది చూచుటకు చిన్న సంగతి. కాని ప్రజాస్వామ్యమునకు మూలసూత్రము ఇందే కలదు. నియమము అందరికిని ఒక్కటే. పెద్దవాడు వచ్చినపుడు తలుపు తెరచి, పేదవాడు వచ్చినపుడు మూయుట సేవ కాదు, దాస్యము. నాయకుడు కాగోరువాడు మొదట నేర్వవలసినది ఆజ్ఞాపించుట కాదు. నియమమునకు తాను కట్టుబడి, ఇతరులను కట్టుబడునట్లు చేయుట. ఆ నియమము తన కడ్డమైనపుడు ఆగ్రహింపక నిలుచుటయు నాయకుని గుణమే. ఆనాడు ఆ ద్వారమునొద్ద బాలికయు, నాయకుడును ఇరువురును ఆ పరీక్షలో నెగ్గిరి.

1930వ సంవత్సరమున ఉప్పు సత్యాగ్రహము దేశమంతట వ్యాపించెను. నాడు మద్రాసనబడిన చెన్నపట్టణమున ప్రకాశం పంతులుగారు, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు మున్నగువారు ఉద్యమమును నడపుచుండిరి. నాయకులొకరి వెనుక నొకరు చెరసాలల పాలగుచుండగా, ఇరువది యొక్క ఏండ్లు నిండని దుర్గాబాయి ఉద్యమభారమును వహించెను. ఆమెను ప్రభుత్వము నిర్బంధించెను. 1930 మొదలు 1933 వరకు ఆమె మూడు పర్యాయములు కారాగార శిక్ష ననుభవించెను. వెల్లూరు, మధుర చెరసాలలలో ఉండెను. ఒకమారు ఏకాంత నిర్బంధమున నుంచుటచేత ఆమె ఆరోగ్యము మిక్కిలి చెడెను.

చెరసాలలో ఆమె చూచిన దృశ్యములు ఆమె జీవితమార్గమునే మార్చెను. అచ్చట శిక్ష ననుభవించుచున్న స్త్రీలలో ననేకులకు చదువు లేదు. తామే నేరము చేసితిమని శిక్షింపబడితిమో, తమకు చట్టమే రక్షణ మిచ్చునో వారెరుగరు. తమ పక్షమున మాటాడు దిక్కును వారికి లేదు. కొందరి తరపున దుర్గాబాయి అర్జీలు వ్రాసి పెట్టెను. కాని దయ మాత్రము చాలదని, న్యాయశాస్త్రము తెలియనిదే వీరికి నిజమైన సహాయము చేయుట సాధ్యము కాదని ఆమె గ్రహించెను.

విడుదలయైన పిదప ఆమె చేసిన పని విద్యార్థులు ముఖ్యముగా గమనింపదగినది. ఆనాటికే ఆమె పేరు ఆంధ్రదేశమున మారుమ్రోగుచుండెను. సభలలో పూలమాలలు వేయించుకొనుచు కాలము గడపవచ్చును. ఆమె అట్లు చేయలేదు. ఇరువదినాలుగేండ్లు దాటిన పిమ్మట మరల పలక పట్టినట్లు మొదటినుండి చదువు నారంభించెను. కాశీ విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను పరీక్షకు ప్రైవేటుగా కూర్చుండి ఉత్తీర్ణురాలయ్యెను. తరువాత వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయమున రాజనీతిశాస్త్రము చదువగోరెను. అప్పటి ఉపాధ్యక్షుడు కట్టమంచి రామలింగారెడ్డి. స్త్రీలకు వసతిగృహము లేనందున ప్రవేశమిచ్చుట కష్టమని ఆమెకు చెప్పిరి. ఆమె దిగులుపడి కూర్చుండలేదు. చదువగోరు బాలికలు తనకు తెలుపవలసినదిగా పత్రికలో ప్రకటించెను. వచ్చినవారిని కూడగట్టుకొని వసతి ఏర్పాటు తామే చేసికొనిరి. ఆమెకే కాక మరికొందరికిని విశ్వవిద్యాలయపు తలుపులు తెరువబడెను. అటుపిమ్మట ఆమె మద్రాసులో న్యాయశాస్త్రము చదివి, 1942లో న్యాయవాదిగా పేరు నమోదు చేసికొనెను.

తాను చదువుచున్న ఆ దినములలోనే, 1937లో మద్రాసున ఆంధ్ర మహిళా సభకు పునాది వేసెను. బడి మానిన బాలికలకును, భర్తృవియోగము పొందిన స్త్రీలకును పాఠములు చెప్పి పరీక్షలకు సిద్ధము చేయుట ఆ సభ తొలుత చేపట్టిన పనులలో నొకటి. చిన్న తరగతిగా మొదలైన ఆ సంస్థ క్రమముగా విద్యాలయములు, వైద్యశాలలు, చేతిపనుల శిక్షణకేంద్రములు గల మహావృక్షమై ఎదిగెను. తరువాతి కాలమున హైదరాబాదునను శాఖలూనెను.

1946లో దుర్గాబాయి భారత రాజ్యాంగ పరిషత్తునకు సభ్యురాలయ్యెను. ఆ పరిషత్తున సభ్యులైన స్త్రీలు పదునైదుగురు మాత్రమే. సభాధ్యక్షుడు లేనపుడు సభను నడపుటకై ఏర్పరచిన అధ్యక్షుల పట్టికలో చోటు పొందిన స్త్రీ ఆమె యొక్కతెయే. ఆమె ఎన్నో సవరణములను ప్రతిపాదించెను. వానిలో నొకటి బాలబాలికలకు ప్రత్యేకముగా తెలియవలసినది.

1949లో పార్లమెంటు సభ్యులకు ఉండవలసిన కనీస వయస్సును గూర్చి చర్చ జరిగెను. లోకసభకు 25 ఏండ్లు, రాజ్యసభకు 35 ఏండ్లు నిండియుండవలెనని ప్రతిపాదన వచ్చెను. రాజ్యసభ పెద్దల సభ గనుక పెద్ద వయస్సుండవలెనని దాని తాత్పర్యము. దుర్గాబాయి లేచి, 35 అను దానిని 30గా మార్చవలెనని సవరణము ప్రతిపాదించెను. వివేకము కేవలము వయస్సు ననుసరించి రాదనియు, విద్యావ్యాప్తిచే నేటి బాలబాలికలు తమ బాధ్యతలను మునుపటికంటె ఎక్కువగా ఎరిగియున్నారనియు, వారికి అవకాశమీయవలెననియు ఆమె వాదించెను. సభ ఆ సవరణము నంగీకరించెను. నేటికిని రాజ్యసభ సభ్యత్వమునకు మన రాజ్యాంగము విధించిన కనీస వయస్సు 30 ఏండ్లే.

ఆ మాటలాడిన నాయకురాలి వెనుక కాకినాడ పాఠశాల ఆవరణమున నిలిచిన బాలిక కలదు. యువతను నమ్ముడని ఆమె పుస్తకమున చదివి చెప్పలేదు. తనను నమ్మిన పెద్దలవలన తాను ఏమి కాగలిగెనో ఆమెకు తెలియును. తాను దాటివచ్చిన తలుపును వెనుక వచ్చువారికై మరికొంత తెరచి పెట్టుటయే ఆమె చేసిన పని.

ఆమె జీవితమున అపజయములు లేకపోలేదు. 1952వ సంవత్సరపు తొలి సార్వత్రిక ఎన్నికలలో ఆమె గెలువలేదు. ఎన్నికలలో ఓడినవారు ప్రజాసేవకు దూరమగుట సాధారణము. ఆమె అట్లు కాలేదు. ప్రణాళికా సంఘ సభ్యురాలుగా పనిచేసెను. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ సంఘమునకు తొలి అధ్యక్షురాలై, గ్రామములందలి స్త్రీలకును శిశువులకును సేవచేయు సంస్థలకు అండగా నిలిచెను. ఆ సంవత్సరముననే నాటి ఆర్థికమంత్రి చింతామణి ద్వారకానాథ్ దేశ్‌ముఖ్‌ను వివాహమాడి దుర్గాబాయి దేశ్‌ముఖ్ అయ్యెను. 1958లో స్త్రీ విద్యపై ఏర్పడిన జాతీయ సంఘమునకు అధ్యక్షత వహించెను. 1975లో పద్మవిభూషణ బిరుదము నందెను. 1981వ సంవత్సరము మే 9వ తేదీన కీర్తిశేషురాలయ్యెను. పదవి పోయినను పని పోదని, పనికి పదవి సాధనమేగాని పదవియే పని కాదని ఆమె చరిత్రము చాటుచున్నది.

ఆమె కాలమునుండి దేశము ముందుకు నడచినది. రాజ్యాంగము అమలులోనికి వచ్చినపుడు ఓటుహక్కునకు 21 ఏండ్లు నిండవలసియుండెను. 61వ రాజ్యాంగ సవరణముచే 1989 నుండి 18 ఏండ్లు నిండిన ప్రతి పౌరునకును ఆ హక్కు లభించినది. 1993లో అమలైన 73వ, 74వ సవరణములచే గ్రామ పంచాయతీలకును, పురపాలక సంఘములకును రాజ్యాంగ ప్రతిపత్తి కలిగినది. 21 ఏండ్లు నిండినవారు వానికి పోటీచేయవచ్చును. ఈ సంస్థలలో మూడవవంతునకు తక్కువ కాకుండ స్థానములు స్త్రీలకు ప్రత్యేకింపవలెనని రాజ్యాంగము శాసించుచుండగా, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో పంచాయతీలయందు సగము స్థానములు స్త్రీలకు కేటాయింపబడినవి.

చట్టము తలుపు తెరచినది. కాని తెరచిన తలుపు ఎవరిని ఎత్తుకొని లోనికి తీసికొనిపోదు. కాళ్లతో నడచి పోవలసినది మనుష్యుడే. ఒక యువతి సర్పంచిగా ఎన్నికై, ఆమె పేరిట మరియొకరు సంతకములు పెట్టుచు సభలు నడపుచున్నచో ఆ పదవి ఆమెది కాదు. లెక్కలు చదువుట తెలియక, చట్టమెరుగక, ప్రశ్నింప వెరచు యువకుడు పదవి పొందినను దానిని ఇతరుల చేతికి అప్పగించును. కావుననే దుర్గాబాయి పేరుప్రతిష్ఠలు వచ్చిన పిదపను చదువునొద్దకు తిరిగి వచ్చినది.

ఎనిమిదవ తరగతి చదువు విద్యార్థికి ఓటుహక్కు లేదు. అయినను నాయకత్వము నేర్చుటకు ఓటు వచ్చువరకు ఆగనక్కరలేదు. తరగతిలో వెనుకవరుసన కూర్చుండి ఎన్నడును నోరు మెదపని తోటివాడు ఎవ్వడో గమనించుట నాయకత్వము. బడి మానిన చెలికత్తె ఇంటికి పోయి కారణమడిగి ఉపాధ్యాయునికి తెలుపుట నాయకత్వము. విహారయాత్రకై పోగుచేసిన సొమ్మునకు పైసతో సహా లెక్క వ్రాసి గోడపై అంటించుట నాయకత్వము. స్నేహితుడైనను వరుస తప్పి ముందుకు రాదలచినవానిని మర్యాదగా ఆపుట నాయకత్వము. ఈ పనులకు పదవి అక్కరలేదు, ప్రకటనలు అక్కరలేదు. ఇట్టివి నేర్చినవాడే రేపు గ్రామసభలో లేచి, ఊరి చెరువునకు వచ్చిన నిధులేమైనవని జంకులేక అడుగగలడు. తానే ఆ పీఠముపై కూర్చుండినపుడు ఆ ప్రశ్నకు తలవంపు లేక బదులు చెప్పగలడు.

పెద్దల బాధ్యతయు ఇంతకు తక్కువ కాదు. పిల్లలచేత కుర్చీలు మోయించి, సభ మొదలైన పిదప వారిని వెలుపలికి పంపువారు వారికి సేవను నేర్పరు, అలసటను నేర్పుదురు. పని చెప్పినపుడు నమ్మకమును కూడ ఇయ్యవలెను. తప్పు జరిగినచో దిద్దవలెను. ఒప్పు జరిగినచో నెహ్రూవలె తనకు కలిగిన అడ్డును మరచి మెచ్చుకొనవలెను.

1921లో ఆ బాలికకు నిర్వాహకులు 5,000 రూపాయలు తెమ్మని చెప్పినపుడు ఆమెయొద్ద ధనము లేదు, వయస్సు లేదు, పదవి లేదు. ఎవరికై అడుగుచున్నదో వారి ముఖములు మాత్రము ఆమె మనస్సునందుండెను. ఆ ముఖములను మరువనివారికి పిన్నవయస్సు అడ్డు కాదు. వానిని మరచినవారికి పెద్దవయస్సు అర్హత కాదు.

ప్రశ్నలు

1. కాకినాడలో స్త్రీల సభ జరుగుటకు దుర్గాబాయి చేసిన కృషిని వివరింపుము. అందు పెద్దలు చేసిన సహాయమెట్టిది?
2. ఖద్దరు ప్రదర్శనశాలయొద్ద జరిగిన సంఘటన ప్రజాస్వామ్యమును గూర్చి ఏమి బోధించుచున్నది?
3. పేరు పొందిన పిదపను దుర్గాబాయి మరల చదువ నారంభించుటకు కారణమేమి?
4. రాజ్యసభ సభ్యుల వయస్సును గూర్చి దుర్గాబాయి చేసిన వాదమును నీ మాటలలో వ్రాయుము. దానితో నీవు ఏకీభవింతువా? ఏల?
5. నీ పాఠశాలలో ఇతరులు గమనింపని అవసరము నొకదానిని కనుగొని, దానిని తీర్చుటకు నీవేమి చేయగలవో పది వాక్యములలో వ్రాయుము.